ఫ్రెంచి చదవడం ఎంత వచ్చు? చిన్న మాటలే చెబుతాయి

ఫ్రాన్సులో ఒక చిన్న ఊరి గ్రంథాలయం తలుపు మీద మూడు వాక్యాల నోటీసు అంటించి ఉందనుకుందాం. పలికే తీరును తెలుగు లిపిలోకి దించితే అది ఇలా ఉంటుంది: "లా బిబ్లియోతెక్ ఎ ఉవెర్త్ తూ లే జూర్, సోఫ్ ల లాండీ. ఆ పర్తిర్ ద్యు 3 మే, ఎల్ న ఫెర్మ్ ప్ల్యు ఆ 18 ఎర్, మే ఆ 20 ఎర్. ఇల్ న రెస్త్ క దో ప్లాస్ పూర్ లతెల్యే ద్యు సమ్‌ది."

ఇంగ్లీషు బాగా వచ్చి, ఫ్రెంచి కొత్తగా మొదలుపెట్టిన తెలుగు విద్యార్థి దీన్ని రోమన్ అక్షరాల్లో చూస్తే పెద్దగా భయపడడు. బిబ్లియోతెక్ అన్న మాట బిబ్లియోగ్రఫీకి చుట్టంలా కనబడుతుంది కాబట్టి ఇది పుస్తకాల వ్యవహారమని తేలిపోతుంది. 3, 18, 20 అని అంకెలున్నాయి. ప్ల్యు అన్న మాటను ఇంగ్లీషు ప్లస్‌కు వాడే అక్షరాలతోనే రాస్తారు. రెస్త్ చూస్తే రెస్ట్ గుర్తుకొస్తుంది, ప్లాస్ అయితే అక్షరాలా ప్లేసే. శనివారం విశ్రాంతి తీసుకోవడానికి రెండు చోట్లు ఉన్నాయని అర్థం తీయడానికి ఇంతకంటే ఏం కావాలి? గ్రంథాలయం 18 గంటలకు, అంటే సాయంత్రం 6 గంటలకు మూసేస్తారని కూడా అతను నమ్మకంగా చెబుతాడు.

నోటీసు చెప్పేది వేరు. గ్రంథాలయం సోమవారం తప్ప అన్ని రోజులూ తెరిచి ఉంటుంది. మే 3 నుంచి సాయంత్రం 6 గంటలకు కాకుండా రాత్రి 8 గంటలకు మూస్తారు. శనివారం జరిగే వర్క్‌షాపులో రెండు సీట్లే మిగిలాయి. విద్యార్థిని దెబ్బతీసిన మాటలేమిటో చూడండి. సోఫ్ అంటే తప్ప. న, ప్ల్యు కలిసి వస్తే ఇకపై కాదని అర్థం. న, క కలిసి వస్తే మాత్రమే అని అర్థం. మే అంటే కానీ. రాతలో వీటిలో ఏ ఒక్కటీ నాలుగు అక్షరాలు దాటదు. పొడుగాటి బిబ్లియోతెక్ అతన్ని ఏమీ ఇబ్బంది పెట్టలేదు.

ఇంకో చిన్న తమాషా ఉంది. నోటీసు రెండో వాక్యంలో రెండు సార్లు "మే" వచ్చింది. మొదటిది నెల పేరు, రెండోది కానీ. ఫ్రెంచివాళ్ళు రెండింటినీ ఒకేలా పలుకుతారు. రాసేటప్పుడు మాత్రం రెండో దాని చివర పలకని ఎస్ ఉంటుంది. తెలుగు లిపిలో రాయగానే ఆ తేడా మాయమైంది. ఫ్రెంచిని తెలుగు అక్షరాల్లో రాసుకుని నేర్చుకునే అలవాటున్నవాళ్ళు పోగొట్టుకునేది సరిగ్గా దీన్నే. చెవికి అందకుండా కంటికి మాత్రమే దొరికే సమాచారం ఫ్రెంచి రాతలో చాలా ఉంటుంది.

అందుకే ఫ్రెంచి మొదలుపెట్టేవాళ్ళు తమ చదివే స్థాయిని అంచనా వేసుకునేటప్పుడు "ఎన్ని మాటలు తెలుసు" అని అడగడం దారి తప్పిస్తుంది. పెద్ద మాటల్లో చాలావరకు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న అరువు. సొంత సంపాదన ఎంతో తెలియాలంటే చిన్న మాటలను, మాటల చివరలను పరీక్షించాలి.

అరువు ఎక్కడి నుంచి వచ్చింది

1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును జయించాక కొన్ని తరాల పాటు అక్కడి దర్బారు, న్యాయస్థానం, పెద్దింటి వంటగది ఫ్రెంచిలోనే నడిచాయి. ఆ తర్వాత ఇంగ్లీషు మళ్ళీ తలెత్తినా, వేల కొద్దీ ఫ్రెంచి మాటలు అందులో స్థిరపడిపోయాయి. ఇంగ్లీషు పదసంపదలో నాలుగో వంతుకు పైగా ఫ్రెంచి నుంచి వచ్చిందని సాధారణంగా అంచనా వేస్తారు. ఆ మాటల్లో కొన్ని ఇంగ్లీషు మీదుగా తెలుగు దాకా వచ్చాయి. కోర్టు, జడ్జి, పోలీసు, గ్యారేజీ, హోటలు, మెనూ అన్నవి ఇంగ్లీషు రాని తెలుగువారికి కూడా తెలుసు. పారిస్ వీధిలో నడిచే తెలుగువాడు వీటిని బోర్డుల మీద చూసి గుర్తుపట్టడానికి ఒక్క రోజు తరగతి కూడా అక్కర్లేదు.

కొన్ని కిటుకులు తెలిస్తే ఈ అరువు మరింత పెరుగుతుంది. ఫ్రెంచి అచ్చు నెత్తిన చిన్న గొడుగులాంటి గుర్తు కనబడితే, చాలా చోట్ల దాని పక్కన ఒకప్పుడు ఎస్ ఉండేదని అర్థం. ఆ ఎస్‌ను తిరిగి పెట్టి చూస్తే ఒపితాల్ కాస్తా హాస్పిటల్ అవుతుంది, ఫొరే ఫారెస్ట్ అవుతుంది. మాట మొదట్లో గీత పెట్టిన ఇ కనబడితే దాన్ని తీసేసి ఎస్ పెట్టినా తరచూ పనిచేస్తుంది. ఎత్యుద్యాఁ స్టూడెంటుగా, ఎతా స్టేటుగా బయటపడతాయి. ఇవి నిజంగా పనికొచ్చే కిటుకులే. అయితే వీటితో అర్థమైనదంతా ఫ్రెంచి స్థాయి ఖాతాలో వేసుకుంటే లెక్క తప్పుతుంది.

ఈ సందర్భంలో అందరూ హెచ్చరించేది దొంగ చుట్టాల గురించి, అంటే ఇంగ్లీషు మాటలా కనబడుతూ వేరే అర్థమిచ్చే మాటల గురించి. లిబ్రెరీ అంటే పుస్తకాల దుకాణం, లైబ్రరీ కాదు. దెమాందే అంటే అడగడం, డిమాండ్ చేయడం కాదు. భోజనశాలలో మెన్యు అంటే నిర్ణీత ధరకు వరుసగా వడ్డించే భోజనం, మన ఫుల్ మీల్స్ లాంటి ఏర్పాటు. వంటకాల జాబితాను కార్త్ అంటారు. ఇలాంటి జాబితాలు పుస్తకాల నిండా ఉంటాయి, విద్యార్థులు శ్రద్ధగా బట్టీ పడతారు. నిజానికి వాటికి రావలసిన దానికంటే ఎక్కువ పేరే వచ్చింది. దొంగ చుట్టం ఒకసారి మోసం చేస్తే జన్మంతా గుర్తుంటుంది. లైబ్రరీ అనుకుని దుకాణంలోకి వెళ్ళినవాడు మళ్ళీ పొరబడడు. ప్ల్యు అన్న మాట అలా కాదు. పేజీకి అరడజను సార్లు వస్తుంది. ఒకచోట ఎక్కువ అని, మరోచోట ఇక లేదు అని తిరగబడుతుంది. ఏ అర్థమో చెప్పేది దానికి కాస్త ముందు నక్కి ఉండే రెండక్షరాల "న". దాన్ని చూడకుండా దాటేసినా వాక్యం చదివినట్టే అనిపిస్తుంది. తప్పు జరిగిందన్న అనుమానం కూడా రాదు.

చిన్న మాటల బరువు ఎంతో ఫ్రాన్సులోనే ఒకసారి లెక్కగట్టి చూశారు. 1950ల మొదట్లో విదేశీయులకు ఫ్రెంచి నేర్పడానికి ఏ మాటలు ముందు చెప్పాలో తేల్చేందుకు జార్జ్ గుగెనైమ్ నాయకత్వంలో భాషావేత్తలు మామూలు జనం మాట్లాడుకునే మాటలను రికార్డు చేసి, మూడు లక్షలకు పైగా పదాలను లెక్కబెట్టారు. అలా తయారైన మొదటి మెట్టు జాబితాలో సుమారు పదిహేను వందల మాటలున్నాయి. లెక్కలో పైన తేలినవి ఉండటం, కలిగి ఉండటం అనే అర్థమిచ్చే క్రియలు, సర్వనామాలు, తెలుగు విభక్తుల పని చేసే చిన్న మాటలు. ముల్లుచెంచాలాంటి ఇంటి వస్తువుల పేర్లు అంతంతసేపటి మాటల్లో కూడా అరుదుగానే దొరికాయి. వాటిని జాబితాలో చేర్చడానికి బడి పిల్లలకు ఒక్కో విషయం ఇచ్చి గుర్తొచ్చిన మాటలు రాయమని అడగాల్సి వచ్చింది. ఫోన్ యాప్‌లో పండ్ల పేర్లు, జంతువుల పేర్లు, రంగుల పేర్లు మూడు వందలు నేర్చుకున్నాక కూడా నోటీసు బోర్డు అర్థం కాకపోవడానికి కారణం ఇక్కడుంది.

గడగడా చదివితే వచ్చినట్టేనా

తెలుగులో "చదవడం వచ్చు" అంటే అక్షరాలు కూడబలుక్కోకుండా పైకి చదవగలడని మొదటి అర్థం. గుణింతాలు, ఒత్తులు వచ్చిన పిల్లవాడు సంపాదకీయాన్ని కూడా గడగడా చదివేస్తాడు. అర్థం తర్వాత వస్తుంది, రాకపోనూ వచ్చు. రాసినదాన్నే పలుకుతాం, పలికినదాన్నే రాస్తాం కాబట్టి మనకు చదువుకు, ఉచ్చారణకు మధ్య అగాధం లేదు. ఆ అలవాటుతోనే చాలామంది ఫ్రెంచి చదివే స్థాయిని పైకి చదివే వేగంతో కొలుస్తారు. ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకున్నవారిలో ఇది మరీ స్పష్టంగా కనబడుతుంది. రెండేళ్ళ పాటు పాఠాలు పైకి చదివించారు, ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టించారు, మార్కులూ బాగానే వచ్చాయి. పదేళ్ళ తర్వాత పేరా ఇస్తే యాస తప్పకుండా చదువుతారు. ఏం చదివారో చెప్పమంటే ఆగిపోతారు. ఫ్రెంచి నేర్పేవాళ్ళు ఇలాంటివారిని దొంగ బిగినర్ అనే అర్థంలో "ఫో దెబ్యుతాఁ" అంటారు. పేరు కాస్త కటువుగా ఉన్నా అందులో నింద లేదు. పూర్తిగా కొత్తవాళ్ళతో కూర్చుంటే వీళ్ళకు విసుగు, పై తరగతిలో కూర్చుంటే కష్టం.

ఫ్రెంచిలో పైకి చదవడం, అర్థం చేసుకోవడం ఎంత దూరం జరుగుతాయో ఒక్క క్రియతో తెలుస్తుంది. మాట్లాడటం అన్న క్రియకు వర్తమానంలో నేను, నువ్వు, అతను, వాళ్ళు అన్న నలుగురికీ పలుకుబడి ఒక్కటే, పార్ల్. రాతలో మాత్రం నువ్వుకు చివర ఎస్, వాళ్ళకు చివర ఇ, ఎన్, టి వస్తాయి. ఆ మూడక్షరాలనూ పలకరు. పలకనిదాన్ని చూడకపోవడం మనిషి స్వభావం. కానీ ఒకరు మాట్లాడుతున్నారా, చాలామందా అన్నది రాతలో అక్కడే ఉంది. ఫ్రెంచి బడుల్లో పిల్లలకు చెప్పే పాత సరదా వాక్యం ఒకటి ఇదే విషయం మీద నడుస్తుంది: "లే పూల్ ద్యు కూవాఁ కూవ్." మఠంలోని కోళ్ళు గుడ్లు పొదుగుతున్నాయని అర్థం. చివరి రెండు మాటలను అక్షరం తేడా లేకుండా ఒకేలా రాస్తారు. మొదటిది మఠం కాబట్టి కూవాఁ, రెండోది పొదగడం అనే క్రియ కాబట్టి కూవ్. ముందు అర్థం తెలిస్తే తప్ప పైకి సరిగ్గా చదవలేం. తెలుగు చదువుకు ఇది పూర్తిగా తలకిందులు.

చెవిని నమ్మి రాసే జాతి ఫ్రెంచి పేరును ఏం చేస్తుందో హైదరాబాద్‌లోనే ఒక గుర్తు మిగిలింది. నిజాం దగ్గర సేనానిగా పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు మొస్యో రేమోఁ జనం నోట మూసా రాం అయ్యాడని, ఆ పేరుతోనే మూసారాంబాగ్ వెలిసిందని చెప్పుకుంటారు. అక్షరాలు చూసి చదివి ఉంటే ఆ పేటకు ఇంకేదో పేరు పడేది.

పరీక్షలు ఏం కొలుస్తాయి

ఫ్రెంచి స్థాయి అనగానే వినబడే ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అన్న ఆరు మెట్లు కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన చట్రంలోనివి. 2020లో వచ్చిన అనుబంధ సంపుటంలో ఎ1కు కూడా కింద మరో మెట్టు చేర్చి వర్ణించారు. ఈ చట్రంలో ఎక్కువమంది గమనించని సంగతి ఒకటుంది. వినడం, చదవడం, సంభాషించడం, వివరించి చెప్పడం, రాయడం దేనికి దాన్ని విడిగా అంచనా వేసుకోవాలని అది చెబుతుంది. మనిషికి ఒకే స్థాయి ఉండాలన్న నియమం అందులో లేదు. చదవడంలో ఎ1 అంటే బోర్డులు, పోస్టర్లు, కేటలాగుల మీద ఉండే తెలిసిన పేర్లు, మాటలు, అతి సరళమైన వాక్యాలు అర్థం కావడం. ఎ2 అంటే ప్రకటనలు, వంటకాల జాబితాలు, రైళ్ళ వేళల పట్టికల్లాంటి వాటిలో కావలసిన సమాచారాన్ని వెతికి పట్టుకోవడం, చిన్న వ్యక్తిగత ఉత్తరం చదివి అర్థం చేసుకోవడం. పైన చెప్పిన గ్రంథాలయం నోటీసు ఈ రెండింటి సరిహద్దులో ఉంటుంది.

సర్టిఫికెట్ విషయానికొస్తే, 1985లో మొదలైన డెల్ఫ్ పరీక్షలో ఎ1 స్థాయికి వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 మార్కులు. వందకు 50 వస్తే, ఏ భాగంలోనూ 5 కంటే తగ్గకపోతే ఉత్తీర్ణులే. ఇద్దరు విద్యార్థులను ఊహించుకోండి. ఒకరికి చదవడంలో 23, వినడంలో 8, రాయడంలో 12, మాట్లాడటంలో 10. ఇంకొకరికి చదవడంలో 8, వినడంలో 15, రాయడంలో 14, మాట్లాడటంలో 16. ఇద్దరికీ 53 మార్కులు, ఇద్దరి చేతిలో ఒకే ఎ1 కాగితం. చదివే స్థాయి గురించి ఆ కాగితం చెప్పేది చాలా తక్కువ. అసలు విషయం మార్కుల పట్టికలో ఉంటుంది, దాన్ని చాలామంది ఫైల్లో పెట్టి మరిచిపోతారు.

ఆన్‌లైన్‌లో పది నిమిషాల్లో స్థాయి చెప్పేస్తామనే పరీక్షల సంగతి ఇంకా సులువు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోమనే ప్రశ్నలు 20 ఉంటే, కళ్ళు మూసుకుని గుర్తుపెట్టినా సగటున 5 సరిపోతాయి. దానికి ఇంగ్లీషు అరువు తోడైతే ఒక్క రోజు ఫ్రెంచి చదవనివాడు కూడా ఎ2 అని చూపించుకోగలడు. ఆ ఫలితాన్ని నమ్మి పై తరగతిలో చేరి, రెండో వారానికి మానేసినవారి కథలు భాషా కేంద్రాల్లో కొత్త కాదు.

కెనడాకు వెళ్ళాలని ఫ్రెంచి మొదలుపెట్టే తెలుగు యువతకు ఈ పొరపాటు ఖరీదైనది. 2023 నుంచి, శాశ్వత నివాసానికి మనుషులను ఎంచుకునే అక్కడి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో ఫ్రెంచి వచ్చినవారిని ప్రత్యేకంగా పిలిచే విభాగం ఉంది. దానికి కెనడా కొలమానంలో ఏడో స్థాయి కావాలి, అదీ నాలుగు నైపుణ్యాల్లోనూ విడివిడిగా. ఇందుకు రాసే పరీక్షల్లో ఒకటైన టిసిఎఫ్ కెనడాలో చదివే భాగానికి 39 ప్రశ్నలు, 60 నిమిషాలు. ప్రశ్నకు సుమారు ఒకటిన్నర నిమిషం, సులువు నుంచి కష్టానికి పోయే వరుస. మొదటి పది ప్రశ్నలు అరువు మాటలతో గట్టెక్కిపోతాయి. ఆ ఊపు చూసి "చదవడం నాకు ఇబ్బంది లేదు, వినడం మీద పెడితే చాలు" అని ప్రణాళిక వేసుకునేవాళ్ళే, వాదనలు మలుపు తిరిగే పేరాల దగ్గరకు వచ్చేసరికి ఇరుక్కుంటారు. "అయినప్పటికీ", "అందువల్ల" అన్నవాటి మధ్య తేడా చూపించేవి అక్కడ కూడా చిన్న మాటలే.

తెలుగులో తిరిగి రాస్తే బయటపడేవి

ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన నమ్మకమైన పరీక్ష ఒకటుంది. దానికి వంద మాటల ఫ్రెంచి పేరా, తెల్లకాగితం, పెన్ను చాలు. పేరాను రెండు సార్లు చదివి, నిఘంటువు ముట్టకుండా, అందులో ఉన్నదంతా తెలుగులో రాయాలి. ఇంగ్లీషులో రాయకూడదు. ఇంగ్లీషులో రాస్తే సిత్యువాసియోఁ సిచ్యుయేషన్‌గా, అద్మినిస్త్రాసియోఁ అడ్మినిస్ట్రేషన్‌గా జారిపోతాయి. చదివినవాడికి అర్థమైందో లేదో అతనికే తెలియదు. తెలుగు అలా జారనివ్వదు.

తెలుగు వాక్యం ముగియాలంటే సర్వనామంలోనో, క్రియ చివరో ఎవరు, ఎందరు, మనిషా వస్తువా అన్నది తేల్చాలి. వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి అన్నవాటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. ఫ్రెంచిలో బల్ల, కుర్చీ, కారు అన్నీ స్త్రీలింగం, కాబట్టి వాటినీ "ఎల్" అనే అంటారు, ఆడమనిషినీ "ఎల్" అనే అంటారు. "ఎల్ ఎ కాసే" అన్న వాక్యాన్ని "ఆమె విరిగిపోయింది" అని రాసి, పెన్ను అక్కడే ఆగితే, పైన రెండు వాక్యాల ముందు కుర్చీ ప్రస్తావన ఉందని గుర్తించలేదన్నమాట. ఇంగ్లీషులో షీ అని గీకేసి ముందుకు పోయేవాడు ఆగడు. గ్రంథాలయం నోటీసులో ఎల్ కూడా గ్రంథాలయమే, లైబ్రేరియనమ్మ కాదు.

"సా మేర్" కూడా అంతే. తల్లి అన్న మాట స్త్రీలింగం కాబట్టి సా వచ్చింది. అతని తల్లో, ఆమె తల్లో ఆ రెండు మాటలు చెప్పవు. తెలుగులో రాసేటప్పుడు మాత్రం తేల్చుకోవాలి, అందుకు వెనక్కి వెళ్ళి చదవాలి. "ఓఁ" అన్న సర్వనామం మనం అని, ఎవరో అని, జనం అని సందర్భాన్ని బట్టి మారుతుంది. "వూ" వస్తే ఒక మనిషికి ఇచ్చిన మర్యాదా, నలుగురిని కలిపి పిలిచిందా అన్న ప్రశ్న వస్తుంది. మనకు మీరు అన్న మాట ఉంది కాబట్టి ఇది మన ఇంటి సమస్యలాగే ఉంటుంది. ఇంగ్లీషు యూలో ఈ తేడా కనబడనే కనబడదు.

నోటీసులోని మూడో వాక్యాన్ని తెలుగులో "రెండు సీట్లు మిగిలాయి" అని రాసినవారికి, "రెండు సీట్లే మిగిలాయి" అని రాసినవారికి మధ్య ఉన్నది ఒక ఏత్వం. న, క అన్న జంటను పట్టుకున్నారా లేదా అన్నది ఆ ఏత్వంలో తేలిపోతుంది. ఇంత చిన్నది వాక్యాన్ని తిప్పేయడం మనకు వింతేమీ కాదు. చెప్పాను, చెప్పను అన్న రెండు మాటల మధ్య ఉన్నది ఒక దీర్ఘమే. దీర్ఘం మింగేసి చదివిన పరదేశిని చూసి తెలుగువాళ్ళు నవ్వుకుంటారు. ఫ్రెంచి నోటీసు ముందు నిలబడినప్పుడు ఆ పరదేశి మనమే.

రాయడం అయ్యాక సరైన అనువాదంతోనో, తెలిసినవారి సాయంతోనో పోల్చి చూసి, తప్పులను రెండు కుప్పలుగా వేరు చేయాలి. వస్తువు పేరో, పని పేరో తెలియక వదిలేసినవి ఒక కుప్ప. మాటలన్నీ తెలిసీ సంబంధం తప్పినవి, అంటే ఎవరు ఎవరికి, ఎప్పటి నుంచి, అవునా కాదా, ఎన్ని అన్నది పొరబడినవి రెండో కుప్ప. మొదటి కుప్ప ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, అది నిఘంటువు చూసి, ఇంకొంచెం చదివి తీర్చుకునే బాకీ. రెండో కుప్ప పెద్దదైతే, పదజాలం ఎంత ఉన్నా, ఎ1 వ్యాకరణం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడమే మేలు. పదాల శాతం లెక్క ఇక్కడ కొంతవరకే పనికొస్తుంది. పరభాషలో సాయం లేకుండా హాయిగా చదవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని పఠన పరిశోధకులు చెబుతారు. గ్రంథాలయం నోటీసులో ఉన్నవి ముప్పై ఆరేడు మాటలు. అందులో సోఫ్, ప్ల్యు అన్న రెండింటిని తీసేస్తే తెలిసినవి 94 శాతం, కానీ మిగిలే అర్థం సున్నాకు దగ్గర. అదే వర్క్‌షాపు అనే అర్థమిచ్చే లతెల్యే ఒక్కటీ తెలియకపోతే శనివారం ఏదో కార్యక్రమం ఉందని తెలుస్తుంది, అదేమిటో లోపలికి వెళ్ళి అడగవచ్చు.

పేరా ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది చిన్న విషయం కాదు. పిల్లల కథలు సులువుగా ఉంటాయన్న నమ్మకంతో చాలామంది వాటితో మొదలుపెడతారు. కథల్లో మాత్రం పాసే సాంప్ల్ అనే భూతకాలం వాడతారు. అది నోటి మాటలో దాదాపు వినబడదు, ఎ1 పుస్తకాల్లో ఉండదు. ఉండటం అనే క్రియ అక్కడ గుర్తుపట్టలేని విధంగా ఫ్యు అయిపోతుంది. "ఇల్ వి" అంటే వర్తమానంలో అతను జీవిస్తున్నాడని, కథలో అతను చూశాడని. ఫ్రాన్సు పిల్లలు రాత్రిపూట అమ్మానాన్నలు చదివి వినిపిస్తుంటే ఈ రూపాలను చెవితో పట్టేస్తారు. పరాయి దేశపు పెద్దవాడికి ఆ వసతి లేదు. కథ అర్థం కాలేదని తన స్థాయిని తక్కువ చేసి చూసుకోవడం కూడా తప్పు కొలతే. అంతకంటే 8 నుంచి 13 ఏళ్ళ పిల్లల కోసం ఫ్రెంచిలో నడిచే ఉచిత విజ్ఞాన సర్వస్వం వికిదియాలో ఒక వ్యాసం మొదటి పేరా నయం. వాతావరణ సూచన, మ్యూజియం వేళలు, వంట విధానం కూడా బాగుంటాయి. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుందని ముందే తెలిసినవారు దాని వేళల పేజీని పరీక్షకు వాడకూడదు. లోకజ్ఞానం కూడా ఒక అరువే.

ఇలా చూసుకుంటే ఇంగ్లీషు వచ్చిన తెలుగువారిలో చాలామందికి ఒక వంకర చిత్రం వస్తుంది. కొద్ది వారాల్లోనే చదవడం ఎ2 వైపు పోతుంది, వినడం మాత్రం ఎ1కు కింద మెట్టు మీదే ఉంటుంది. కంటికి దొరికే ఇంగ్లీషు పోలికలు చెవికి దొరకవు. ఎత్యుద్యాఁ అని వింటే స్టూడెంట్ గుర్తుకు రాదు. శిక్షణ కేంద్రాల్లో నాలుగింటికీ కలిపి ఒకే తరగతి ఉంటుంది కాబట్టి, ఎక్కడ కూర్చోవాలన్నది చెవిని బట్టి తేల్చుకోవడమే మంచిది. ఎ1 తరగతిలో చేరి, చదవడానికి మాత్రం ఇంట్లో ఎ2 పేరాలు తెచ్చుకోవచ్చు. తెలుగులో రాసిన కాగితం మీద తేదీ వేసి దాచుకుని, రెండు నెలల తర్వాత అదే పేరాను పాత కాగితం చూడకుండా మళ్ళీ రాయాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు కొత్తగా నేర్చిన నామవాచకాల జోలికి పోకుండా, రెండో కుప్పలో ఏమేం తగ్గాయో లెక్కబెట్టుకోవాలి.